నాలుగో జ్వరం నాటి ప్రయాణం

పిల్లలకు ఎండాకాలం సెలవులిచ్చారంటే చాలు, మా ఊళ్లో ఎవరో ఒకరు నా దగ్గరికి వస్తారు. బెంగుళూరు అవతల ఉన్న ఆ ఆటల పార్కుకు ఎప్పుడు పోతే బాగుంటుంది, ఏమేం తీసుకుపోవాలి, ముసలివాళ్లను వెంటబెట్టుకుపోవచ్చా అని అడుగుతారు. నేను పోయింది ఒక్కసారే, అదీ రెండువేల ఆరో సంవత్సరం ఎండాకాలంలో. అయినా మా వీధిలో అందరికంటే ముందు పోయి వచ్చినదాన్ని కాబట్టి ఆ పెద్దరికం నాకు మిగిలిపోయింది. ఆదివారం పోవద్దంటాను. నగలు ఇంట్లో పెట్టి పొమ్మంటాను. అన్నం కట్టుకుపోవద్దంటాను, ఆ మాట మాత్రం ఎవరూ వినరు. అడగవచ్చిన వాళ్లది పట్టుపురుగులు పెంచే ఇల్లయితే, ఇవన్నీ చెప్పే ముందు ఒక ప్రశ్న వేస్తాను.

"మీ పురుగులు ఎన్నో జ్వరంలో ఉండాయి?"

పట్టుపురుగు గుడ్డులోంచి బయటపడి గూడు కట్టేలోపల నాలుగుసార్లు చర్మం విడుస్తుంది. విడిచే ముందు మేత మానేసి, తల పైకెత్తి, కదలకుండా ఉండిపోతుంది. దాన్నే మా వైపు జ్వరం అంటారు. జ్వరంలో ఉన్న పురుగుకు ఆకు వేయకూడదు, ముట్టుకోకూడదు. మిగిలిన రోజుల్లో పగలనక రాత్రనక ఆకు వేస్తూనే ఉండాలి. బాలింత ఉన్న ఇంటికి తాళం పడినా పడుతుందేమో గానీ పురుగులున్న ఇంటికి పడదు.

అన్నిటికంటే పెద్ద పని, జ్వరం నుంచి లేచిన పురుగులకు మొదటి ఆకు వేయడం. తొందరపడి వేస్తే ముందు లేచినవి తినేసి పెరుగుతాయి, ఇంకా లేవనివి ఆకు కింద నలిగిపోతాయి. పంటంతా ఎగుడుదిగుడై గూళ్లు కట్టే వేళకు చెడిపోతుంది. మరీ ఆలస్యం చేస్తే నీరసిస్తాయి. ఆ వేళ ఎప్పుడన్నది మా ఇంట్లో ఒక్క మనిషే చెప్పాలి. ఆమె మా అత్త రామసుబ్బమ్మ.

పెనుకొండ నుంచి హిందూపురం పోయే దారిలో మా ఊరు. నేను కాపురానికి వచ్చేనాటికే మా అత్త పెరట్లో పురుగులిల్లు కట్టించి పెట్టుకుంది. ఆమె పెట్టిన కట్టుబాట్లు పట్టుచీరలు అమ్మే దుకాణంలో కూడా ఉండవు. పురుగులకు వాసనా పొగా పడవని మా ఇంట్లో పౌడరు పూసుకోకూడదు. దోమలు పీక్కుతిన్నా దోమలబత్తి వెలిగించకూడదు. దేవుడికి కూడా అగరొత్తి లేదు, దీపంతో సరిపెట్టుకోవాలి. బీడీ తాగుతాడని మా మామ చెన్నకేశవుల్ని పురుగులింటి గడప తొక్కనిచ్చేది కాదు. మల్బరీ తోట ఆయనది, ఆకు కోసి మోసేది ఆయన, కానీ ఆ ఆకు తినేవాటిని ఆయన కిటికీ జాలిలోంచి చూడాల్సిందే. నేను లోపలికి పోయేదాన్ని. ఆకు తరిగేదాన్ని, పురుగులుండే తట్టలు శుభ్రం చేసేదాన్ని, చల్లదనానికి కిటికీలకు తడిగోనెలు కట్టేదాన్ని. మొదటి ఆకు మాట వచ్చేసరికి మాత్రం మా అత్త నన్ను వెనక్కి జరిపేది.

"నువ్వు ఉండు మే, నేను చూస్తా."

ఇన్నేళ్ల కాపురంలో ఆ మాట ఎన్నిసార్లు విన్నానో. కోపంగా అనేది కాదు. అందుకే నాకు మరీ కష్టంగా ఉండేది.

*

ఆ ఏడు ఏప్రిల్లో ధర్మవరం నుంచి మా ఆడబిడ్డ ప్రేమలత భర్త బాలాజి ఫోను చేయడం మొదలుపెట్టాడు. ఆయన బడిపంతులు. సంక్రాంతి సెలవుల్లో తోటి పంతుళ్లతో ఆ పార్కుకు పోయి వచ్చాడు. ఇప్పుడు మా రెండు కుటుంబాలూ కలిసి పోవాలని ఆయన కోరిక. రోజూ సాయంత్రం ఫోనులో ఒక పాఠం చెప్పేవాడు.

"రాసుకుంటాండావా చెల్లెమ్మా?"

"చెప్పన్నా, గుర్తుంటాది."

"ఆదివారం పోతే వరసలో నిలబడి రావడమే. బుధవారమో గురువారమో పోవల్ల. గేటు తీసేపాటికి ఆడుండల్ల. లోపలికి పోతానే ముందర కనపడే ఆట కాడ నిలబడొద్దు, అందరూ ఆడే నిలబడతారు. నేరుగా ఆ చివరికి పోవల్ల. కడుపు నిండా తిని తిరిగే ఆటలు ఎక్కొద్దు. నీళ్లాటలు ఎండ ముదిరినాక. అందరికీ ఒక బెంచీ గుర్తు పెట్టుకోవల్ల. తప్పిపోతే ఎవరూ వెతుక్కుంటా తిరగొద్దు, ఆ బెంచీ కాడికి రావల్ల. నీళ్లలో దిగేదానికి నూలు గుడ్డలు పనికిరావు, నైలాను ఉండల్ల."

నైలాను అనగానే వాకిట్లో చింతపండు గింజలు తీస్తున్న మా అత్త తలెత్తింది.

"నైలాను మనుషులు కట్టుకునేదా? పురుగుల మీద వాలే ఊజీ ఈగలు రాకుండా కిటికీలకు కట్టేది కదా అది?"

మా మామ అరుగు మీది నుంచి అందుకున్నాడు. "గిర్రున తిప్పి కిందికి ఇడిసేదానికి అంత దూరం పోయి దుడ్లు ఇయ్యల్నా? రా పాపా, మన బావి గిలకకు కట్టి నేను తిప్పుతా. ఊరికే!"

మా కూతురు మౌనిక తాత మాటకు నవ్వలేదు. రెండేళ్లుగా ఎండాకాలం రాగానే ఎక్కడికన్నా పోదాం అనడం, పురుగులు అడ్డం వచ్చి ఆగిపోవడం అలవాటైపోయింది. పోయినేడు తయారై కూర్చున్న పిల్ల చేత చివరికి ఆకు మోయించాం.

మా ఆయన చంద్రశేఖర్ ఈసారి ఒక దారి ఆలోచించాడు. "నేనూ, బావా పిల్లల్ని తీసుకుపోతాం. అమ్మ ఎట్లా రాదు. అమ్మ పురుగుల కాడ ఉంటే నువ్వూ ఉండల్ల కదా భాగ్యశ్రీ."

అది నిజమే. అత్త ఒంటరిగా చాకిరీ చేస్తుంటే కోడలు జారుడుబల్లల మీద జారుతోందంటే ఊరు ఊరుకోదు. ఊరి సంగతి అట్లుంచి, నా మనసే ఊరుకోదు. నేను పోవాలంటే ఆమె రావాలి. ఆమె రావాలంటే ఒక్కరోజు పురుగుల్ని ఇంకొకరికి వదిలి రావాలి. సూర్యుడు పడమట పొడవాలి అన్నట్టే.

మౌనిక మాటతో ఆ ముడి ఇంకా బిగిసింది. "అవ్వ రాకుంటే నేనూ రాను" అని, అన్నం పళ్లెం ముందు పెట్టుకుని చెప్పేసింది.

"నేనేంటికమ్మా? నన్ను చూసి అందరూ నగుతారు" అంది మా అత్త.

"నగనీ."

"పురుగులు?"

 పిల్ల అన్నం తినకుండా లేచిపోయింది.

ఆ మరుసటి రోజు ఇద్దరం ఆకు తరుగుతున్నాం. హిందూపురం నుంచి తెచ్చిన పిల్లపురుగులు మూడో జ్వరం దాటి జోరుగా మేస్తున్నాయి. లోపల వాన పడుతున్నట్టు చప్పుడు. ఆ చప్పుడు మా అత్తకు ఇష్టం, అప్పుడు ఏం అడిగినా మెత్తగా జవాబిస్తుంది. వస్తావా రావా అని అడిగితే రానంటుందని నాకు తెలుసు. అందుకని వేరే మాట అడిగాను.

"నాలుగో జ్వరం ఎప్పుడు పడతాదత్తా?"

తెలిసిన సంగతి అడిగితే మా అత్త చెప్పకుండా ఉండలేదు. వేళ్లు మడిచి లెక్క చూసుకుంది. "మంగళవారం సాయంత్రానికి కూచుంటాయి. బుధవారం అంతా కదలవు. రాత్రి పొద్దుపోయినాక లేస్తాయి."

"బుధవారం నువ్వు ఏం చేస్తావు?"

"ఏం చేసేది? జ్వరంలో ఉండేవాటిని ముట్టేదానికి లేదు. వాకిట్లో గమ్మున కూచుంటా."

"ఆ గమ్మున కూచునేదేదో ఆ పార్కులో బెంచీ మీద కూచోరాదా? బాలాజన్న చెప్పినాడు కదా, బెంచీ కాడ ఒకరు ఉండల్లంట."

కత్తి ఆగింది. మా అత్త నా వైపు చూసింది. తప్పించుకోవడానికి ఏదో వెతుకుతోందని తెలుస్తోంది.

"ఈడ ఎవరు చూస్తారు? మీ మామనా? బీడీ వాసనకు జ్వరంలో ఉండేవి జ్వరంలోనే పోతాయి."

"ప్రమీలమ్మను ఉండమంటా."

ప్రమీలమ్మ మా పక్కింటి శామ్యూల్ భార్య. పురుగులింట్లో పనికి మాతోపాటే వచ్చేది. చర్చికి పోయే రోజు తప్ప తలకు నూనె కూడా పెట్టుకోదు, మా అత్తకు ఆమె మీద ఉన్న నమ్మకానికి అదొక కారణం.

మా అత్త మళ్లీ ఆకు తరగడం మొదలుపెట్టింది. చాలాసేపటికి, "బెంచీ ఎండలో ఉంటాదా, నీడలో ఉంటాదా?" అని అడిగింది.

*

నైలాను గుడ్డలు హిందూపురంలో కొన్నాం. మా అత్తకు కూడా ముదురాకుపచ్చ బట్ట తీసి, దర్జీ హనుమంతు దగ్గర పొడుగు చేతుల చొక్కా, ప్యాంటు లాంటిది కుట్టించాను. కొలతలు ఇవ్వనంటే పాత రవికె ఇచ్చి అందాజుగా కుట్టించాను. తెచ్చి చూపిస్తే దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, "దీన్ని తొడుక్కొని నేను నీళ్లలో దిగల్నా? ఎండేసిన మిరపకాయల కాడ దిష్టిబొమ్మకు తొడగండి" అని అటక మీదికి విసిరేసింది. పోనీలే, బెంచీ మీద కూర్చోవడానికి చీర చాలు అనుకున్నాను.

మంగళవారం సాయంత్రానికి ఆమె చెప్పినట్టే పురుగులు కూర్చున్నాయి. మేత చప్పుడు ఆగిపోయి ఇల్లు ఉన్నట్టుండి మూగబోయింది. ఆమె తట్టతట్టకూ తిరిగి, అడుగు పొడిగా ఉండేటట్టు సున్నం చల్లింది. ప్రమీలమ్మను నిలబెట్టి, చెప్పిందే చెప్పింది.

"తలుపు ఊరికూరికే తీయొద్దు. గోనెలు ఆరనీయొద్దు. లేచేది రాత్రికే, మేము అంతకు ముందే వచ్చేస్తాం. ఒకవేళ లేస్తే ఫోను చెయ్యల్ల. నేను చెప్పకుండా ఒక్క ఆకు పడకూడదు."

"సరేమ్మా."

"ఈయప్పను లోపలికి రానీయొద్దు."

"నేను ఈడే ఉండా, నాకు చెవులు ఉండాయి" అన్నాడు మా మామ.

కట్టుకుపోయే అన్నం దగ్గర మళ్లీ రగడ. బయటి తిండి లోపలికి రానివ్వరని బాలాజి నాలుగుసార్లు చెప్పాడు. మా అత్త నమ్మలేదు. "అన్నం తెచ్చుకున్నోళ్లను రావద్దనేవాళ్లు యాడన్నా ఉంటారా? ఆయప్ప పరాచికాలు ఆడుతాండాడు" అని, చిత్రాన్నం ఒక గంగాళం, జొన్నరొట్టెలు, శనక్కాయల పొడి, మా వైపు ఓళిగలనే బొబ్బట్లు మూటగట్టింది. కోడి కూయకముందే పెనుకొండ నుంచి పోతులయ్య తన టాటా సుమో తెచ్చాడు. ధర్మవరం వాళ్లు ముందురోజే వచ్చి ఉన్నారు. గంగాళం ఎక్కాక బాలాజికి కాళ్లు పెట్టుకునే చోటు లేదు. ఆయన గంగాళం మీద మోకాళ్లు పెట్టుకునే బెంగుళూరు దాకా వచ్చాడు.

మా అత్త కిటికీ పక్కన కూర్చుని, ఊరు దాటేదాకా వెనక్కే చూసింది.

*

గేటు దగ్గర కాపలా మనిషి గంగాళం చూసి నవ్వాడు. "ఇది లోపలికి పోయేదానికి లేదమ్మా" అన్నాడు. బాలాజి మా అత్త వైపు ఒక్క చూపు చూశాడు.  కాపలా మనిషిది మడకశిర పక్క ఊరని మాటల్లో తెలిసింది. అంతే, మా అత్తకు ధైర్యం వచ్చింది. "ఏనప్పా, ఊట ఆయ్తా?" అని కన్నడంలో అన్నం తిన్నావా అని అడిగి, ఆయన చేతిలో రెండు ఓళిగలు పెట్టింది. ఆయన తిన్నాడు, గంగాళాన్ని మాత్రం లోపలికి పోనివ్వలేదు. బయట చెట్టు కింద సుమో పక్కన కూర్చుని, పోతులయ్యతో కలిసి అందరం పొద్దున్నే చిత్రాన్నం తిన్నాం. అట్లా కడుపు నిండా తిని తిరిగే ఆటలు ఎక్కకూడదన్న పాఠం కూడా చెడిపోయింది. మొదటి ఆటకే బాలాజి దిగివచ్చి చెట్టు మొదట్లో తల వంచుకుని కూర్చున్నాడు. "పంతులయ్యా, రాసుకుంటాండావా?" అంది ప్రేమలత. నేను నవ్వలేక నవ్వాను, ఎంతైనా అన్న వరస.

బెంచీ నీడలోనే దొరికింది. అలల కొలను ఎదురుగా. మా అత్త సంచులన్నీ చుట్టూ పేర్చుకుని, మధ్యలో కూర్చుంది. వచ్చేపోయే వాళ్లను చూసింది కాసేపు. తర్వాత మొదలుపెట్టింది.

"ఫోను చెయ్యి మే."

"ఇప్పుడే కదత్తా చేసినాం. కదలకుండా ఉండాయన్నారు."

"ఈడ ఇంత ఎండ ఉండాది. ఆడ ఇంకా ఎక్కువ ఉంటాది. ఎండ ఎక్కువైతే బిరీన లేస్తాయి."

మా ఆయన సెల్‌ఫోను అడిగి మళ్లీ చేశాను. మా మామ ఎత్తాడు. "చచ్చినట్టు పడున్నాయంట. ఆమెను ఆడుకోమను పో" అని పెట్టేశాడు.

పొద్దు నడినెత్తికొచ్చేసరికి పిల్లలు నీళ్లాటలకు వచ్చారు. మా ఆయన సెల్‌ఫోను నా చేతికిచ్చి కొలనులోకి దిగాడు. అలలు వదలబోతున్నట్టు కొలను ఒడ్డున సైరను కూత కూసింది. అంతలో నీళ్లు ఎగిసెగిసి అలలై వచ్చాయి. జనం కేకలు. మౌనిక తడిబట్టలతో పరుగెత్తుకొచ్చి మా అత్త చెయ్యి పట్టుకుంది.

"అవ్వా, రా."

"పో పాపా, నేను సంచుల కాడ ఉండల్ల."

"అమ్మ ఉంటాది. నువ్వు రా."

మా అత్త అటూ ఇటూ చూసింది. నా వైపు చూసింది. తర్వాత లేచి, పమిటకు పెట్టుకున్న పిన్నీసు తీసింది. నాకేమీ అర్థం కాలేదు. చీర కుచ్చిళ్లు లాగి, ఉండగా చుట్టి బెంచీ మీద పెట్టింది. లోపల ముదురాకుపచ్చ నైలాను చొక్కా, ప్యాంటు ఉన్నాయి. కోడి కూయకముందు నుంచీ వాటి మీదనే చీర కట్టుకుని, ఆ ఉక్కలో అంత దూరం వచ్చిందామె.

"ఏం చూస్తాండావు? చెమటకు వీపంతా పేలింది" అంది. మెడలోని పుస్తెలు చొక్కా లోపలికి వేసుకుని, మనవరాలి చెయ్యి పట్టుకుని వెళ్లింది.

మొదట అలలు మోకాళ్లకు తగిలేచోట నిలబడింది. తర్వాత నడుము లోతు. ఒక అల వచ్చి ఆమెను కూలేసింది. నేను లేచి నిలబడ్డాను. లేచి, ముఖం తుడుచుకుని, అలను తిట్టడం వినిపించింది. ఇంకాసేపటికి చూస్తే పక్కనున్న పెద్ద జారుడుబండ మెట్లెక్కుతున్న వాళ్లలో ఆకుపచ్చ చొక్కా ఉంది. ముందు మౌనిక, వెనక ప్రేమలత.

అప్పుడే నా చేతిలో ఫోను మోగింది.

"లేచినాయంట!" మా మామ గట్టిగా అరుస్తున్నాడు. ఇంట్లో ఫోను వసారాలో ఉంటుంది. పురుగులిల్లు పెరట్లో. ప్రమీలమ్మ లోపలి నుంచి చెబితే ఆయన వినొచ్చి చెప్పాలి. "ఆకు ఎయ్యల్నా, వద్దా? మీ అత్తకియ్యి ఫోను."

"అత్త నీళ్లలో ఉండాది మామా."

"నీళ్లలో ఏం చేస్తాండాది?"

"జారుతాండాది."

 "ఎవరు?" అన్నాడు.

"అత్తనే మామా. ఇప్పుడే మెట్లెక్కింది, శానా వరస ఉండాది. అన్నీ లేచినాయా?"

ఆయన అడిగేందుకు పెరట్లోకి పోయాడు. ఆయన చెప్పుల చప్పుడు, దూరంగా ప్రమీలమ్మ గొంతు, మళ్లీ చెప్పుల చప్పుడు. "సగం లేచినాయంట. సగం ఇంకా తలెత్తుకొనే ఉండాయంట. లేచినవి అటూ ఇటూ పారాడుతాండాయంట, పాపం ఆకలిగొన్నాయి. నేను కోసి పెట్టిన ఆకు కూడా వాడిపోతాది. కొంచెం చల్లమంటావా?"

నేను జారుడుబండ వైపు చూశాను. ఆకుపచ్చ చొక్కా ఇంకా సగం మెట్ల మీదే ఉంది. పిలిస్తే వినపడదు. ఆమె దిగి వచ్చేదాకా ఆగమని చెప్పవచ్చు. కానీ ఆలోపల మామ ఆగడని నాకు తెలుసు. ఆయన మనసు మెత్తనిది. ఆకలిగొన్న దూడను చూసినా కట్టు విప్పేసే మనిషి. ఆ జాలితో గుప్పెడు ఆకు పడినా పంట చేతికి రాదు.

"మామా, లేచినవాటి మూతులు ఏ రంగులో ఉండాయో అడుగు."

మళ్లీ చెప్పుల చప్పుడు.  కొలనులో మళ్లీ కూత కూసింది.

"తెల్లగానే ఉండాయంట."

మూతి తెల్లగా ఉందంటే అది ఇంకా గట్టిపడలేదు. గోధుమరంగుకు తిరిగాకే పురుగు ఆకు కొరకగలుగుతుంది. ఎవరూ నాకు ఇది కూర్చోబెట్టి నేర్పలేదు. మా అత్త వెనక నిలబడి, ఆమె భుజం మీదుగా చూసి తెలుసుకున్నదే.

"వద్దు మామా" అన్నాను. "ఒక్క ఆకు కూడా వద్దు. ప్రమీలమ్మను ఇంకోతూరి సన్నగా సున్నం చల్లమను. గోనెలు తడిపి కట్టమను. మేము వచ్చేదాకా తలుపు వేసి పెట్టమను. ఆకును నువ్వు తడిగుడ్డ కింద పెట్టు."

"మీ అత్త వచ్చి ఎగురుతాది."

"నన్ను కదా, ఎగరనీ."

ఫోను పెట్టేశాను. బెంచీ మీద కూర్చున్నాను, మళ్లీ లేచాను. అత్తకు చెప్పకుండా ఉండవచ్చు కూడా. సాయంత్రం దాకా పిల్లలు ఆడుకుంటారు. చెబితే ఆమె తడిబట్టలతోనే సుమో ఎక్కుతుంది. అప్పటికి మౌనిక ఇంకా సగం ఆటలు కూడా చూడలేదు.

జారుడుబండ మీది నుంచి ఒక కేక వచ్చింది. మా అత్త కేక అంత పొడుగ్గా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. కింద నీళ్లలో పడి, మునిగి, తేలి, నవ్వుతూ దగ్గుతూ నా దగ్గరికి వచ్చింది. జుట్టు ముడి ఊడిపోయి ఉంది. ముఖం చూస్తే చెప్పబుద్ధి కాలేదు. అయినా చెప్పాను.

"అత్తా, మామ ఫోను చేసినాడు. లేచినాయంట."

నవ్వు పోయింది. "ఎన్ని?"

"సగం."

"మూతులు?"

"ఇంకా తెల్లగానే ఉండాయంట."

"నువ్వేం చెప్పినావు?"

"ఆకు వద్దన్నా. సున్నం చల్లి, గోనెలు తడపమన్నా."

ఆమె జుట్టు ముందుకు లాక్కుని నీళ్లు పిండింది. నిదానంగా ముడి వేసుకుంది. వెళ్దాం పద అంటుందని నేను బెంచీ మీది చీర అందుకున్నాను. మెట్ల దగ్గర మౌనిక, ప్రేమలత మమ్మల్నే చూస్తూ నిలబడి ఉన్నారు.

మా అత్త వాళ్లవైపు చూసి చెయ్యి ఊపింది.

"చీర ఆడనే పెట్టు మే," అంది నాతో. "ఇంకోతూరి జారొస్తా."

*

రాత్రి భోజనాల వేళకు ఇంటికి చేరాం. దారి పొడుగునా బాలాజి గంగాళంలో కాళ్లు పెట్టుకుని నిద్రపోయాడు, ఖాళీ అయింది కాబట్టి. మా అత్త సుమో దిగి నేరుగా బావి దగ్గరికి పోయి స్నానం చేసి, మామూలు చీర కట్టుకుని పురుగులింట్లోకి వెళ్లింది. నేను వెనక నిలబడ్డాను. తట్టతట్టకూ దీపం పట్టి చూసింది. అన్నీ లేచి ఉన్నాయి. మూతులు గోధుమరంగుకు తిరిగాయి. ఎప్పటిలాగే మొదటి ఆకు ఆమే వేసింది. క్షణంలో లోపల వాన మొదలైంది.

 బయటికి వచ్చి ప్రమీలమ్మను పట్టుకుంది.

"నడిపొద్దులో ఆకు ఏసింటే ఏమయ్యేదో తెలుసునా నీకు?"

"నేనేం ఎయ్యలేదు కదమ్మా. భాగ్యశ్రీ వద్దనింది."

"అదే చెప్తాండా" అంది మా అత్త. ఓళిగల మూటలో మిగిలినవి ఆమె చేతిలో పెట్టి పంపింది.

మా మామ అరుగు మీద బీడీ ఆర్పి, "జారినావంట?" అన్నాడు.

"జారినా. అయితే ఏం?"

"ఏం లేదు. గిలక ఖాళీగానే ఉండాది."

ఆ పంట బాగా వచ్చింది. గూళ్లు గట్టిగా, ఒక్క తీరుగా ఉన్నాయని హిందూపురం మార్కెట్లో కొన్నవాళ్లు కూడా అన్నారు. మా అత్త అక్కడ కూడా జారుడుబండ సంగతే చెప్పింది. ఊళ్లో ఆమె ఒక నెలంతా అదే చెప్పింది. ప్రతిసారీ బండ ఎత్తు కొంచెం పెరిగేది.

వానలు పడ్డాక కొత్తగా పురుగులు తెచ్చాం. అవి మూడో జ్వరం దాటినాక ఒకరోజు మా అత్త సంచిలో రెండు చీరలు పెట్టుకుని, ధర్మవరం పోతున్నానంది. ఎవరికీ ఒంట్లో బాగాలేదని కాదు, ఎవరి పెళ్లీ లేదు. "ఊరికే. ప్రేమ రమ్మనింది" అంది. మా ఆయన ఆమెను పెనుకొండలో బస్సెక్కించి వచ్చి, ఆమె నిజంగానే పోయిందని మళ్లీ మళ్లీ చెప్పాడు.

నాలుగో జ్వరం పడింది. ఒక రాత్రీ పగలూ గడిచాక, సాయంత్రం పురుగులు లేచాయి. నేను తట్టలన్నీ చూశాను. రెండుసార్లు చూశాను, మూతులు గోధుమరంగుకు తిరిగాయి. తర్వాత వసారాలోకి వచ్చి ధర్మవరానికి ఫోను చేశాను.

"అత్తా, లేచినాయి."

"ఎవరు?" అంది.

"పురుగులు."

"లేస్తే లేచినాయిలే. నాకేంటికి చెప్తాండావు మే? ఈడ ప్రేమా, పక్కింటామె నన్ను సినిమాకు పిలుస్తాండారు. ఆటో వాకిట్లో నిలబడుండాది, వాడు హారను కొడుతాండాడు. ఇనపళ్లేదా?"

వినిపిస్తోంది. ఆమె ఫోను పెట్టేసింది.

 నేను రిసీవరు పెట్టేసి, మొదటి ఆకు వేసే ముందు చేతులు కడుక్కోవడానికి తొట్టి దగ్గరికి పోయాను.